ఒకే తోట, రెండు దస్తావేజులు



ఉర్దూ పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక మాటతోనే మొదలెడతాను. దస్తావేజు పారసీ మాట. దస్త్ అంటే చెయ్యి. చేత్తో పట్టుకు వేలాడే ఆధారమన్నమాట. మా తాతగారు పట్టుకున్న కాగితం ఆయన్ని నిలబెట్టలేదు.

అమలాపురం తాలూకాలో కొబ్బరితోట కొని, స్టాంపు కాగితం మీద రాయించుకుని, వందల రూపాయలు ముట్టజెప్పారు. రిజిస్ట్రీ రేపూ మాపూ అని వదిలేశారు. పైగా తోటని అమ్మినాయనకే కౌలుకిచ్చారు. మూడేళ్ళకి ఆయన అదే తోట ఇంకొకరికి అమ్మి రిజిస్ట్రీ చేయించేశాడు.

ఇది పాత జబ్బే. ఒకసారి అమ్మిన ఆస్తిని తెలియక మళ్ళీ కొని జనం మోసపోకూడదని కుంపిణీవారు 1802లోనే మద్రాసు 17వ రెగ్యులేషనుతో దస్తావేజుల రిజిస్టరు పెట్టారు. అప్పట్లో అది ఇష్టమైతేనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా నేలకి గిరాకీ పెరిగింది. 1864 చట్టం కొన్ని పత్రాలకి రిజిస్ట్రీ తప్పనిసరి చేసింది. 1882 ఆస్తి బదిలీ చట్టం వంద రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రీ ఉండాలంది. దాని 48వ సెక్షను ప్రకారం ముందు పుట్టిన హక్కుదే పైచెయ్యి. ఇచ్చేసినదాన్ని మళ్ళీ ఇవ్వడానికి అమ్మేవాడి దగ్గర ఏముంటుంది?

ఇక్కడే చాలామంది పొరబడేది. ముందు రిజిస్ట్రీ అయిందే గెలుస్తుందనుకుంటారు. 1908 రిజిస్ట్రేషను చట్టం 47వ సెక్షను అలా అనదు. రిజిస్టరైన పత్రం రాసుకున్న నాటినుంచే చెల్లుతుంది. దాఖలుకి నాలుగు నెలల గడువుంది. అంటే మే నెలలో ఒకరికి రాసిచ్చి, జూన్‌లో మీకు రాసి ఆ రోజే రిజిస్ట్రీ చేశాడనుకోండి. మొదటాయన ఆగస్టులో రిజిస్ట్రీ చేయించుకున్నా ఆయనదే ముందు. జూన్‌లో మీరు తీయించిన ఈసీ పరిశుభ్రంగానే కనిపిస్తుంది మరి!

అందుకే తోట దగ్గరికి వెళ్ళి దింపు ఎవరు తీయిస్తున్నారో అడగాలి. ఉర్దూలో కబ్జా అంటే స్వాధీనం. తెలుగులో పాపం దానికి దౌర్జన్యం అంటుకుంది. 1929 సవరణ తర్వాత, నేల ఎవరి స్వాధీనంలో ఉందో వారి హక్కు కొనేవాడికి తెలిసినట్టే లెక్క. చూడలేదంటే కుదరదు.

మా తాతగారికి రిజిస్ట్రీ లేదు, కబ్జా లేదు. రెండో ఆయన వచ్చి అడిగినా తోటలో కనిపించేది అమ్మినాయనే. దావా వేసినా దండగేనని వకీలు చెప్పేశాడు. ఆ కాగితం మా ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది.