బెంగకు నోరు: ఉత్తరాంధ్ర విశ్వాసాల్లో దుఃఖం, దేహం, స్వస్థత

పిల్లవాడికి ఒళ్లు కాలితే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ముసలమ్మలు ముందు అడిగేది ‘‘దేన్ని చూసి దడుసుకున్నాడు?’’ అని. కొడుకు వలస పోయాక అన్నం సయించని తల్లికి బెంగ పట్టిందంటారు. భయం జ్వరమవుతుందనీ, ఎడబాటు మంచాన పడేస్తుందనీ ఈ మాటల్లోనే ఎరుక ఉంది. ఆ ఎరుక మీద నిలబడ్డ క్రతువులు దేహానికి ఏం చేస్తాయో, ఏం చేయలేవో పరిశీలించడం ఈ వ్యాసం పని. నా ప్రతిపాదన ఇది: ఇక్కడి విశ్వాసం రోగాన్ని నేరుగా పట్టుకోదు. రోగి దుఃఖానికి ఒక నోరు, వినే నలుగురు, ఒక గడువు ఇస్తుంది. స్వస్థతలో దాని వాటా అంతే. ఆ వాటా చిన్నదేమీ కాదు.

ఇందుకు అన్నిటికన్నా లోతైన సాక్ష్యం సవరలది. సీతంపేట, భామిని కొండల నుంచి ఒడిశాలోని గజపతి, రాయగడ కొండల దాకా ఉన్న ఈ జాతి సంప్రదాయంలో చనిపోయిన మనిషి ‘సోనుం’ అవుతాడు. తన చావుబాధను వెంటబెట్టుకుని, తాను ప్రేమించినవాళ్ల మీదే వాలుతాడు. ఏ రోగంతో పోయాడో ఆ రోగ లక్షణమే బిడ్డ ఒంట్లో కనిపించవచ్చు. అప్పుడు కుడాన్‌ను, అంటే పూనకంలో పోయినవాళ్లకు నోరయ్యే పూజారిని, పిలుస్తారు; తరచుగా ఆ పూజారి స్త్రీ. పూనకంలో ఆమె నోటితో పోయినవాడు మాట్లాడతాడు. ఇంటివాళ్లు చుట్టూ కూర్చుని బదులు చెబుతారు, ఏడుస్తారు, నిష్ఠూరాలాడతారు, తగవు కూడా పడతారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన గ్రంథంలో సవరల రోగనివారణ క్రతువులు, గోడబొమ్మలు విస్తారంగా కనిపిస్తాయి. పోయినవాళ్లతో జరిగే ఈ సంభాషణలను మాత్రం మరో మానవశాస్త్రవేత్త పియర్స్ వైటెబ్‌స్కీ సవర భాష నేర్చుకుని, ఒడిశా వైపు ఊళ్లలో ఏళ్ల తరబడి కూర్చుని విన్నాడు. ఆయన 1993 నాటి పుస్తకం వాటి మీదే. ఒక్క పూటతో తెగే మాటలు కావవి. కొన్నేళ్లు సాగుతాయి. పోయినవాడి కోపం క్రమంగా చల్లారుతుంది, అతను పితరుల్లో కలుస్తాడు, చివరికి తన పేరును పుట్టిన బిడ్డకు ఇస్తాడు. ఫ్రాయిడ్ 1917 వ్యాసంలో శోకం మనసు లోపల ఒంటరిగా చేసే పని. సవరలకు అది ఊరంతా కలిసి చేసే పని, పైగా అవతలి మనిషి జవాబిస్తాడు. ఈ తేడా దగ్గరే మన ఆసుపత్రులు నేర్చుకోవలసింది ఉందని నా నమ్మకం.

మైదానానికి దిగితే విజయనగరం పైడితల్లమ్మ కథ కూడా తీరని శోకమే. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. ఐతిహ్యం ప్రకారం పైడిమాంబ మశూచితో మంచాన ఉంది. ఆపద శంకించి, యుద్ధానికి వెళ్లిన అన్న, విజయనగరం రాజు పెద విజయరామరాజుకు చెప్పడానికి బయలుదేరింది. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో అన్న హతుడయ్యాడని విని కూలిపోయింది, పెద్దచెరువులో అమ్మవారిగా వెలిసింది. అన్న కోసం కుమిలిన ఆ చెల్లెలి పేరు మీదే ఇవాళ దసరా తర్వాతి మంగళవారం పూజారి సిరిమాను అనే పొడవాటి మాను ఎక్కుతాడు. బిడ్డకు బాగవ్వాలని మొక్కుకున్న తల్లి ఆ గుంపులో నిలబడి చేతులెత్తేది అంతటి దుఃఖం ఎరిగిన దేవతకు.

మశూచినే మనవాళ్లు ‘అమ్మవారు పోసింది’ అన్నారు. ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు, తాలింపు మానేవారు, పైవాళ్లను రానిచ్చేవారు కాదు. రోగికి నిందకు బదులు భక్తి, విశ్రాంతి, ఏకాంతం దక్కేవి. అయితే 1975 నాటికి ఈ దేశం నుంచి మశూచిని తరిమింది టీకా. ఈ రెండు సంగతులనూ ఒకేసారి ఒప్పుకోవాలి.

బెంగ గాయాన్ని త్వరగా మాననివ్వదన్న మాటకు ప్రయోగశాల రుజువుంది. 1995లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం, మతిమరుపు రోగులైన బంధువులకు సేవ చేస్తున్న 13 మంది స్త్రీల చేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి గమనించింది. అది మానడానికి సగటున 48.7 రోజులు పట్టింది. అదే వయసుండి ఆ భారం లేని 13 మందికి 39.3 రోజులు చాలాయి. గాయం మానడానికి తోడ్పడే రోగనిరోధక సంకేతాలు మొదటి గుంపులో తక్కువగా తయారయ్యాయి. దీర్ఘకాలపు ఒత్తిడి ఒంటిని లోపలినుంచి ఇలా వెనక్కి లాగుతుంది. మంచం పక్కన నెలల తరబడి కూర్చునే మన ఇంటి ఆడవాళ్ల గాయాలను ఇలా ఎవరు కొలిచారు?

ప్రార్థన మాటకొస్తే, 2006లో హెర్బర్ట్ బెన్సన్ బృందం 1,802 మంది గుండె శస్త్రచికిత్స రోగులను పరిశీలించింది. ఎక్కడో అపరిచితులు చేసిన ప్రార్థన వల్ల మేలు కనబడలేదు. తమ కోసం ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసినవారిలో 59 శాతం మందికి చిక్కులు వచ్చాయి. తెలియనివారిలో 51, 52 శాతం. ఇది విశ్వాసానికి ఓటమి అని నేననుకోను. రోగి పాలుపంచుకోని, ఎదుటి ముఖం లేని క్రతువు అది. దాని పక్కన రఘురాం, సహచరులు 2002లో తమిళనాడు గుడి ఒకదాని గురించి ప్రచురించిన అధ్యయనం పెట్టి చూడండి. అక్కడ కొన్ని వారాలున్న 31 మంది మానసిక రోగుల లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయి. వాళ్లకు అక్కడ దొరికింది నీడ, తోడు, కసురుకోని పరిసరం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ వాదానికి హద్దు గీయాలి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల మూత్రపిండాలు పాడవుతున్న కుటుంబాలకు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చినప్పుడు, బెంగకు కొదవ లేకపోయింది. అరసవల్లి సూర్యనారాయణుడికి మొక్కుకోవడం మనసుకు బలమే. కానీ చెడిన మూత్రపిండానికి డయాలసిస్ కావాలి, పలాసలో 2023 డిసెంబరులో తెరిచినటువంటి ఆసుపత్రి కావాలి, మంచినీళ్లు కావాలి. మొక్కు పేరుతో ఆ చికిత్స ఒక్క వారం వెనక్కి పోయినా సహించరాదు.

సవర ఊళ్లూ మారాయి. చాలామంది క్రైస్తవులయ్యారు. పోయినవాళ్లతో మాట్లాడటం కొత్తతరం మానేసిందని వైటెబ్‌స్కీ 2017లో రాశాడు. మందు, బడి దగ్గరయ్యాయి, అది మేలు. కానీ చచ్చిపోయిన తండ్రితో ఇంకా తేలని తగవు ఇప్పుడు ఎవరితో తేల్చుకోవాలి?

ఈ కొండల్లో సవరల మాటలు మొదట శ్రద్ధగా విన్న మనవాడు గిడుగు రామమూర్తి. వాళ్ల భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చాడు. ఆ అడవుల్లో తిరిగినప్పుడే మలేరియా పట్టింది. క్వినైన్ ఆయన ప్రాణం నిలిపి, వినికిడి తీసుకుపోయింది.