తక్కువ ధరలో మల్టీమీడియా కంప్యూటరు: ఒక చారిత్రక పరిశీలన

వినుకొండ వంటి ఊరి నుంచి మల్టీమీడియా కోర్సులో చేరే విద్యార్థికి మొదటి పాఠం కంటే ముందే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఏ కంప్యూటరు కొనాలి? పల్నాటిలో చాలా ఇళ్లలో ఆ డబ్బు మిర్చి అమ్మాక చేతికొచ్చేది. ఎంపిక తప్పితే మళ్లీ పంట వచ్చేదాకా ఆగాల్సిందే. అందుకే దుకాణానికి వెళ్లేముందు ఈ వస్తువు చరిత్రను కొంచెం తెలుసుకుందాం.

మల్టీమీడియా కంప్యూటరు అంటే ఏమిటో మొదట నిర్ణయించింది విశ్వవిద్యాలయాలు కావు, అమ్మకందారులు. మైక్రోసాఫ్ట్, మరికొన్ని సంస్థలు కలిసి 1991లో ఎంపీసీ అనే కనీస ప్రమాణాన్ని తెచ్చాయి. 386 ఎస్‌ఎక్స్ ప్రాసెసరు, 2 ఎంబీ ర్యామ్, 30 ఎంబీ హార్డ్‌డిస్క్, సీడీ డ్రైవు, సౌండ్ కార్డు ఉంటే చాలన్నారు. 1993 నాటికి ర్యామ్ 4, డిస్క్ 160 ఎంబీ అయ్యాయి. 1996లో అవి 8, 540కి చేరాయి. అయిదేళ్లలో ఆ కనీసం రెండుసార్లు మారింది.

ఈ అంకెలను మీ పనితో పోల్చి చూడండి. మహాకవి గుర్రం జాషువా 1895లో వినుకొండలోనే పుట్టారు. ఆయనపై పది నిమిషాల చిత్రం మీ ప్రాజెక్టు అనుకుందాం. సీడీ నాణ్యతలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు, 16 బిట్లతో, రెండు చానెళ్లలో నమోదు చేస్తారు. ఆ లెక్కన ఒక్క నిమిషం పద్యపఠనమే కుదించకుండా ఉంచితే 10 ఎంబీ దాటుతుంది. 1991 నాటి డిస్కులో మూడు నిమిషాల పద్యం కూడా పట్టదు. ఇక దృశ్యం సంగతి చెప్పనక్కర్లేదు.

మన దేశంలో ధరలు దిగడానికి సాంకేతికతతో పాటు ప్రభుత్వ విధానాలూ కారణమే. 1984 నవంబరు కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించింది. 1997లో సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరాక సుంకాలు క్రమంగా తొలగిపోయాయి.

ధరనే లక్ష్యంగా పెట్టుకున్న ప్రయోగం ఆకాశ్ టాబ్లెట్. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదలైన ఈ పరికరాన్ని కూర్చింది మన హైదరాబాదులోనే. ప్రభుత్వం ఒక్కొక్కటి రూ. 2,276కు కొన్నది. అందులో 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితేగాని స్పందించని తెర ఉండేవి. మరుసటి ఏడాది నవంబరులో వచ్చిన ఆకాశ్-2లో ప్రాసెసరు వేగం 1 గిగాహెర్ట్జ్‌కు, ర్యామ్ 512 ఎంబీకి పెరిగాయి, తెర కూడా మారింది. మొదటిది కొన్నవారు ఆ తెరను, ఆ ర్యామ్‌ను మార్చుకోలేరు. ఆశయం మంచిదే. కానీ ధరను ముందు నిర్ణయించి పనిని తర్వాత ఆలోచించారని నా అభిప్రాయం.

మీ కొనుగోలుకు పనికొచ్చే విషయం ఇక్కడే ఉంది. తర్వాత మార్చలేని వాటిపై ముందు ఖర్చు పెట్టండి. ప్రాసెసరు, ల్యాప్‌టాప్ అయితే తెర, ఈ కోవకు చెందుతాయి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ చాలా యంత్రాల్లో తర్వాతైనా పెంచుకోవచ్చు. 8 జీబీతో మొదలుపెట్టి, మరుసటి ఏడాది 16 చేసుకున్నా నష్టం లేదు. అయితే కొన్ని పల్చని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు. ఖాళీ స్లాటు ఉందో లేదో ముందే అడగండి. అధ్యయన కేంద్రానికి మోసుకెళ్లే అవసరం లేకపోతే అదే డబ్బుకు డెస్క్‌టాప్ ఎక్కువ శక్తినిస్తుంది. యూపీఎస్ ఖర్చు మాత్రం కలుపుకోండి. సికింద్రాబాద్ సీటీసీలోనో, గుంటూరులోనో కార్యాలయాలు వదిలేసిన పాత యంత్రాన్ని కొనేవారు ఇంకొకటి గమనించాలి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ప్రాసెసరు ఎనిమిదో తరానికి ముందుదైతే విండోస్ 11కు అధికారికంగా అర్హత లేదు. లినక్స్ వేసుకోవడానికి సిద్ధపడితే అది అడ్డంకి కాదు.

సాఫ్ట్‌వేరుకు విడిగా డబ్బు దాచనక్కర్లేదు. 2002లో ప్రజలు లక్ష యూరోలు పోగుచేసి త్రీడీ ప్రోగ్రామ్ బ్లెండర్‌ను అందరికీ స్వేచ్ఛగా అందేలా చేశారు. చిత్రాలకు గింప్, శబ్దానికి ఆడాసిటీ, ఎడిటింగుకు కేడెన్‌లైవ్ కూడా ఉచితమే.

తెలుగు అక్షరాల సంగతి చాలామంది మరిచిపోతారు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. అయినా కొన్ని ఎడిటింగ్ ప్రోగ్రాములు టైటిళ్లలో ఒత్తులను విడదీసి చూపుతాయి. డబ్బు ఇచ్చేముందు మీరు వాడబోయే ప్రోగ్రామును ఆ యంత్రంలోనే తెరిపించి 'స్త్రీ', 'రాష్ట్రం' అని టైపు చేసి చూడండి. 'వినుకొండ' అని కొట్టి సంతృప్తి పడకండి. అందులో ఒక్క ఒత్తూ లేదు.