కొండ కూలీల ఓడ నుంచి కరీబియన్ క్యాంపస్ దాకా: బయల్దేరే ముందు తెలుసుకోవాల్సిన చరిత్ర



ఈమధ్య మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. వాళ్ల యూనివర్సిటీ నుంచి ఎక్స్ఛేంజ్ కింద ఒక సెమిస్టర్ యూనివర్సిటీ ఆఫ్ ది వెస్టిండీస్‌లో చదివే అవకాశం వచ్చిందట. "క్రికెట్ తప్ప ఆ దేశాల గురించి నాకేం తెలీదన్నా. మనవాళ్లెవరూ అటు వెళ్లినట్టు వినలేదు. వెళ్లొచ్చా?" అని. కింద చాలామంది వీసా గురించి, తిండి గురించి రాశారు. అవన్నీ అవసరమే, నేనూ చెప్తాను. కానీ "మనవాళ్లెవరూ వెళ్లలేదు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. భారతదేశం నుంచి కూలీలతో కరీబియన్‌కి వెళ్లిన మొట్టమొదటి ఓడల్లోనే ఆదివాసులు ఉన్నారు. ఆ సంగతి తెలియకుండా అక్కడ అడుగు పెట్టకూడదని నా అభిప్రాయం. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపికగా చదవండి.

1834లో బ్రిటిష్ వాళ్లు తమ వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేశారు. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత చెరకు తోటల్లో పని చేయించుకున్న యజమానులకి నష్టపరిహారం కింద రెండు కోట్ల పౌండ్లు ఇచ్చారు. బానిసలకి మాత్రం పైసా ఇవ్వలేదు. పైగా "అప్రెంటిస్" అని పేరు మార్చి 1838 ఆగస్టు దాకా అదే తోటల్లో ఉంచారు. ఆ తర్వాత తోటల్లో పనికి ఎవరొస్తారు అన్నది యజమానుల బెంగ.

వాళ్లలో జాన్ గ్లాడ్‌స్టన్ ఒకడు. తర్వాత బ్రిటన్‌కి నాలుగుసార్లు ప్రధానమంత్రి అయిన విలియం గ్లాడ్‌స్టన్ తండ్రి. ఇతనికి ఇప్పటి గయానాలో తోటలున్నాయి. నష్టపరిహారంగా లక్ష పౌండ్లకి పైనే అందుకున్నాడు. 1836 జనవరిలో కలకత్తాలోని గిలాండర్స్, అర్బత్‌నాట్ కంపెనీకి ఉత్తరం రాశాడు. మారిషస్‌కి మనుషుల్ని పంపినట్టే నా తోటలకీ పంపగలరా అని అందులో అడిగాడు.

కంపెనీ ఇచ్చిన జవాబు ఆదివాసీ పిల్లలందరూ తెలుసుకోవాలి. ఛోటా నాగపూర్ కొండల నుంచి వచ్చే "ధంగర్లు" ఉన్నారు, వీళ్లకి మతం లేదు, చదువు లేదు, తినడం, తాగడం, పడుకోవడం తప్ప వేరే కోరికలు లేవు, మనిషి కంటే కోతికి దగ్గరగా ఉంటారని చెప్పుకుంటారు అని రాశారు. ధంగర్లంటే ఎక్కువగా ఒరాన్, ముండా జనం. ఇంకో మాట కూడా రాశారు. తాము ఒప్పుకున్న చోటు ఎక్కడుందో, ప్రయాణం ఎంత దూరమో వీళ్లకి ఏమాత్రం తెలియదు కాబట్టి వెస్టిండీస్‌కి పంపడం కష్టమేమీ కాదు అని. అంటే మనవాళ్లకి తెలియకపోవడమే వాళ్లకి పెట్టుబడి.

ఆ మనుషులు కొండలు దిగి ఎందుకొచ్చారు? వాళ్ల భూములు బయటి జమీందార్ల, వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి పోతున్న కాలం అది. 1831-32లో అక్కడ కోల్ తిరుగుబాటు జరిగింది, దాన్ని సైన్యంతో అణిచేశారు. భూమి పోయినవాడు పని వెతుక్కుంటూ కలకత్తా దాకా వచ్చాడు. ఇది మనకి కొత్త కథేం కాదు.

1838 జనవరిలో విట్‌బీ, హెస్పెరస్ అనే రెండు ఓడలు కలకత్తా నుంచి బయల్దేరాయి. మొత్తం 414 మంది ఎక్కారు. మే 5న గయానా చేరేసరికి 396 మంది మిగిలారు. వీళ్లలో అందరూ ఆదివాసులు కాదు. బర్ద్వాన్, బాంకురా జిల్లాల వాళ్లూ ఉన్నారు. కానీ కాగితాల్లో అందరికీ పడిన పేరు "హిల్ కూలీలు", అంటే కొండ కూలీలు. ఒప్పందం ఐదేళ్లు. గ్లాడ్‌స్టన్ తోట వ్రీడ్-ఎన్-హోప్‌లో వీళ్లని కొరడాలతో కొట్టారు. ఆ సంగతి బయటికొచ్చి విచారణ జరిగింది, కొట్టిన దుబాసీకి కోర్టులో శిక్ష పడింది. బానిసత్వ వ్యతిరేక సంఘం నుంచి జాన్ స్కోబుల్ వెళ్లి చూసొచ్చి లండన్‌లో చెప్పాడు. గొడవై కొన్నేళ్లు కూలీల ఎగుమతి ఆపేశారు. ఐదేళ్లు పూర్తయ్యేసరికి ఆ 396 మందిలో 98 మంది చనిపోయారు, ఇద్దరు తోట వదిలి పారిపోయారు, 236 మంది వెనక్కి వచ్చారు, 60 మంది అక్కడే ఉండిపోయారు.

1845లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఏడాది మే నెలలోనే జమైకాకి, ట్రినిడాడ్‌కి మొదటి ఓడలు చేరాయి. 1917లో ఆపేదాకా గయానాకి సుమారు 2,39,000 మంది, ట్రినిడాడ్‌కి 1,44,000 మంది, జమైకాకి 36,000 మంది వెళ్లారు. ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్ వైపు వాళ్లు. మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. గయానాలో వాళ్లందరినీ కలిపి "మద్రాసీ" అనేశారు. అగ్రిమెంట్ అన్న మాట మనవాళ్ల నోట్లో నలిగి "గిర్మిట్" అయింది. గిర్మిట్ ఉన్నన్నాళ్లు పాసు లేకుండా తోట గేటు దాటడానికి లేదు.

ఇప్పుడు యూనివర్సిటీ సంగతికొద్దాం. ఇది 1948లో జమైకాలోని మోనాలో 33 మంది వైద్య విద్యార్థులతో మొదలైంది. అప్పుడు లండన్ యూనివర్సిటీకి అనుబంధ కాలేజీ, 1962లో సొంత యూనివర్సిటీ అయింది. మోనా క్యాంపస్ ఉన్నది పాత మోనా, పాపీన్ చెరకు తోటల నేల మీద. రాతి కమానుల మీద కట్టిన అప్పటి నీటి కాలువ ఇప్పటికీ క్యాంపస్ మధ్యలో నిలబడి ఉంది. ప్రార్థనా మందిరం కూడా ఒకప్పుడు వేరే జిల్లాలో చక్కెర ఎస్టేట్ భవనమే. రాళ్లు విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. గోడ మీద 1799 అన్న ఏడాది, యజమాని పేరు అలాగే ఉన్నాయి. ఆ రాళ్లు మోసినవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు అక్కడ డిగ్రీలు తీసుకుంటున్నారు. అక్కడ పాఠాలు చెప్పిన గయానా చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీని 1968 అక్టోబర్‌లో జమైకా ప్రభుత్వం దేశంలోకి రానివ్వకపోతే విద్యార్థులు క్యాంపస్ నుంచి ఊరేగింపుగా కదిలారు. ట్రినిడాడ్ క్యాంపస్‌లో ఒక హాస్టల్‌కి మిల్నర్ అనే సామ్రాజ్యవాది పేరు ఉండేది. దాన్ని తీసేసి ఫ్రీడమ్ హాల్ అని పెట్టుకున్నారు. హాస్టల్ పేరు మీద కూడా పోరాడొచ్చని మనం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు.

ఇక వెళ్లేవాళ్లకి పనికొచ్చే మాటలు.

మొదటిది, వెస్టిండీస్ ఒక దేశం కాదు. 1958లో ఫెడరేషన్‌గా కలిసి 1962లో విడిపోయారు. క్రికెట్ జట్టు, యూనివర్సిటీ మాత్రం ఉమ్మడిగా మిగిలాయి. కాబట్టి మీకు సీటు ఏ క్యాంపస్‌లో వచ్చిందో చూసుకోండి. మోనా జమైకాలో, సెయింట్ అగస్టీన్ ట్రినిడాడ్‌లో, కేవ్ హిల్ బార్బడోస్‌లో, ఫైవ్ ఐలాండ్స్ ఆంటిగ్వాలో ఉన్నాయి. ఏ దేశం వీసా నియమాలు ఆ దేశానివే, డబ్బూ వేరే. ఒక దీవి వీసాతో ఇంకో దీవికి పోలేరు. ఇక్కణ్ణుంచి నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళ్తే అక్కడ విమానం మారడానికి కూడా వీసా కావాలి. టికెట్ కొనే ముందే ఇది చూసుకోండి.

రెండోది, కాగితం చదవండి. 1838లో మనవాళ్లు చదవలేని కాగితానికి కట్టుబడ్డారు. మీరు చదవగలరు. ఎక్స్ఛేంజ్ ఒప్పందంలో సాధారణంగా ట్యూషన్ ఫీజు మీ సొంత యూనివర్సిటీకే కడతారు, కానీ హాస్టల్, తిండి, విమానం, ఆరోగ్య బీమా మీవే అవుతాయి. ఏది ఎవరు కడతారో రాతపూర్వకంగా తీసుకోండి. అక్కడ మామూలుగా ఒక కోర్సుకి 3 క్రెడిట్లు, సెమిస్టర్‌కి 15 దాకా తీసుకుంటారు. ఆ క్రెడిట్లు ఇక్కడ లెక్కలోకి వస్తాయని మీ డిపార్ట్‌మెంట్ సంతకం పెట్టిన కాగితం లేకుండా బయల్దేరొద్దు. "వచ్చాక చూద్దాంలే" అన్న మాటని నమ్మి సెమిస్టర్ పోగొట్టుకోకండి.

మూడోది, పేరు. కూలీల పేర్లు ఓడ గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు, తరతరాలు అదే ఇంటిపేరైంది. మనలో చాలామందికి టెన్త్ మెమోలో ఒక పేరు, కుల ధ్రువపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఇంకోటి ఉంటాయి. ముందు అవన్నీ సరిచేయించుకుని తర్వాతే పాస్‌పోర్ట్‌కి పెట్టండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు.

నాలుగోది, డబ్బు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ విదేశీ స్కాలర్‌షిప్ ఏటా 20 మందికి ఇస్తారు, అందులో 3 పీవీటీజీలకి. అది పీజీ, పీహెచ్‌డీ లాంటి పూర్తి చదువులకి, ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్‌కి కాదు. రాష్ట్ర పథకాల్లో ఏయే దేశాలు వర్తిస్తాయో జాబితా ఉంటుంది. అప్పు చేసే ముందు ఆ జాబితా చూడండి. అమ్మానాన్నల చేత భూమి కాగితాలు తాకట్టు పెట్టించి మాత్రం వెళ్లొద్దు. భూమి పోయాకే కదా ఆ ఓడ ఎక్కింది.

ఐదోది, ఆరోగ్యం. ట్రినిడాడ్‌కి గానీ గయానాకి గానీ వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని ఆ పసుపు కార్డు భద్రంగా ఉంచుకోండి. ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు. సికిల్ సెల్ ఉన్నవాళ్లు రిపోర్టులు తప్పకుండా పట్టుకెళ్లండి. ఆఫ్రికా మూలాలున్న జనంలో కూడా ఆ జబ్బు ఎక్కువే, అక్కడి డాక్టర్లకి మీరు మొదటి నుంచి వివరించక్కర్లేదు. జూన్ నుంచి నవంబర్ దాకా తుఫాన్ల కాలం. 2025 అక్టోబర్‌లో మెలిస్సా తుఫాను జమైకాని చితక్కొట్టింది. హాస్టల్లో చేరిన రోజే తుఫానొస్తే ఎక్కడికి వెళ్లాలో అడిగి పెట్టుకోండి, మన హైకమిషన్‌లో పేరు నమోదు చేయించుకోండి. కరెంటు జమైకాలో 110 వోల్టుల చుట్టూ ఉంటుంది. ఫోన్ ఛార్జర్లు పనిచేస్తాయి, ఇక్కడి రైస్ కుక్కర్ పనిచేయదు.

ఆరోది, మాట. మనకి కూలీ అంటే పని. "కూలికెళ్లాం" అని సిగ్గు లేకుండా చెప్తాం. అక్కడ "కూలీ" అన్నది భారతీయ మూలాల వాళ్లని తక్కువ చేసే మాట. మిమ్మల్ని ఎవరైనా అంటే అర్థం తెలుసుకోండి, మీరు ఎవర్నీ అనకండి. అలాగే ఆఫ్రికా మూలాల వాళ్ల గురించి మన సినిమాల్లో విన్న వెకిలి మాటలు ఇక్కడే వదిలేసి వెళ్లండి. ఆ నేల మీద మొదట దెబ్బలు తిన్నది వాళ్లే. బస్సెక్కినా, ఆఫీసులోకి వెళ్లినా ముందు "గుడ్ మార్నింగ్" చెప్పాలి, చెప్పకుండా పని అడిగితే పొగరనుకుంటారు. మన ఊళ్లో పెద్దవాళ్లకి జోహార్ చెప్పకుండా కూర్చుంటామా? అదే పద్ధతి.

ఏడోది కాస్త గట్టిగానే చెప్తాను. గంజాయి. జమైకాలో 2015 నుంచి కొద్దిపాటి గంజాయి దగ్గరుంటే జైలు లేదు, జరిమానాతో పోతుంది. ఎవరో ఇస్తారు, ఏం కాదంటారు. కానీ విమానాశ్రయంలో దొరికితే అది వేరే కేసు, చదువూ జీవితమూ పోతాయి. మన ఏజెన్సీలో ఎవరి సంచో మోసి జైళ్లలో మగ్గుతున్న మన పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. అక్కడ కూడా ఎవరి బ్యాగూ మోయొద్దు.

చివరిగా, సెలవు దొరికితే బీచ్‌తో పాటు కొండలకీ వెళ్లండి. జమైకా కొండల్లో మరూన్లు ఉన్నారు. బానిసత్వం నుంచి పారిపోయి అడవిలో ఊళ్లు కట్టుకుని, బ్రిటిష్ సైన్యంతో పోరాడి 1739 నాటికి ఒప్పందం రాయించుకున్నవాళ్ల సంతతి. అకాంపాంగ్ ఊళ్లో ఏటా జనవరి 6న పండగ చేస్తారు. అయితే ఆ ఒప్పందంలో ఒక మెలిక ఉంది. ఇకపై పారిపోయి వచ్చే బానిసల్ని పట్టి అప్పగించాలి అని. గెలిచినవాళ్ల చేత కూడా తమ సోదరులకి వ్యతిరేకంగా సంతకం పెట్టించుకున్నారన్నమాట. డొమినికా దీవిలో మూలవాసులైన కలినాగోలకి 1903లో కేటాయించిన 3,700 ఎకరాల ప్రాంతం ఉంది. అక్కడి భూమి ఊరందరిదీ. ఐదో షెడ్యూల్ గురించి, 1/70 గురించి వాళ్లకి చెప్పండి, వాళ్లది ఎలా నడుస్తుందో అడగండి.

ఆ తమ్ముడికి నా జవాబు ఇదే. వెళ్లు. గయానా, ట్రినిడాడ్ ఆర్కైవ్స్‌లో తర్వాతి ఓడల కూలీల రిజిస్టర్లు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా, ఒంటి మీద గుర్తులు కూడా రాశారు. వీలైతే ఒక్కరోజు అక్కడ కూర్చుని మన కొండల పేర్లు కనిపిస్తాయేమో చూసి, నోట్‌బుక్‌లో రాసుకొచ్చి ఈ గ్రూపులో పెట్టు. అప్పుడు ఓడ ఎక్కించినవాడు మనవాళ్లకి ఏమీ తెలియదని ధీమాగా రాశాడు. నువ్వు మాత్రం ఎక్కడికి పోతున్నావో, ఎంత దూరమో, ఏ కాగితం మీద సంతకం పెట్టావో అన్నీ తెలిసి వెళ్లు.

జై జోహార్.