ఉబుంటు వేశాక కంప్యూటర్ బూట్ కావడం లేదా? ఫార్మాట్‌కు తొందరపడొద్దు

విండోస్ 10కు సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకే కొందరు పాత కంప్యూటర్లలో ఉబుంటు వేసుకుంటున్నారు. ఇన్‌స్టలేషన్ అయ్యాక 'నో బూటబుల్ డివైస్' అని వస్తే కంగారు పడకండి. 'ఎరేజ్ డిస్క్' ఎంచుకోకపోతే ఫైళ్లు సాధారణంగా డిస్క్‌లోనే ఉంటాయి. సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ మాత్రమే దొరకడం లేదన్నమాట.

తరచూ కనిపించే కారణం: విండోస్ యూఈఎఫ్ఐ మోడ్‌లో ఉండగా, ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌ను లెగసీ మోడ్‌లో నడపడం.

ఇలా చేయండి:

1. కంప్యూటర్ ఆన్ చేయగానే ఎఫ్2 లేదా డిలీట్ కీ నొక్కి (కంపెనీని బట్టి కీ మారుతుంది) సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. యూఈఎఫ్ఐ మోడ్ పెట్టి, బూట్ ఆర్డర్‌లో 'ఉబుంటు' లేదా 'విండోస్ బూట్ మేనేజర్' ఉందేమో చూడండి. ఉంటే దాన్ని పైకి తెచ్చి సేవ్ చేయండి.

2. అయినా రాకపోతే అదే పెన్‌డ్రైవ్‌తో 'ట్రై ఉబుంటు' తెరవండి. ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది.

3. కాపీ అయ్యాకే 'బూట్ రిపేర్' టూల్ నడపండి.

షాపులో 'ఫార్మాట్ కొట్టేద్దాం' అంటే, ముందు ఫైళ్లు తీసివ్వమని అడగండి.