సూర్యుని జూచిన కన్ను

విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున సొంత ధనముతో నొక వేధశాలను నెలకొల్పిరి. డాల్ఫిన్ ముక్కు కొండపై వారు నిలిపిన ధ్వజము దినదినము నియతకాలమున దిగుచుండగా పురజనులు గడియారములు సరిచూచుకొనుచుండిరి. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9వ తేదీని ఆరంగుళముల దూరదర్శినితో, శుక్రుడు సూర్యబింబము మీదుగా నడచుటను గాంచిరి.

సూర్యుని జూచు జ్యోతిర్విదులు దూరదర్శినికి నల్లటద్దము దొడుగుట నాటికే యాచారము. కన్ను చెడునని వారెరుగుదురు. ఎట్లు చెడునో యెరుగరు. వేడికి మాడుననియే చాలమంది తలంపు.

రెండేండ్లకు, 1876లో, ఫ్రాన్జ్ బోల్ అను జర్మను పండితుడు రోము నగరమున కప్పకన్నులను పరీక్షించుచు, చీకటిలో ఎర్రగానుండు కంటి లోపొర వెలుతురు సోకగనే వెలవెలబోవుట గనిపెట్టెను. ఆ రంగు కాంతిని పట్టుకొనుటచేతనే మనకు చూపు గలుగుచున్నది. అయితే 1966లో అమెరికాలో నోయెల్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఎలుకలను మాడ్చు వేడి లేని దీపకాంతిలో గంటలకొలది యుంచగా, వాని కంటిపొర చెడెను. చూపునిచ్చు రంగే చేటునకు ద్వారమని యప్పుడు తోచెను. కాంతి మితిమీరినపుడు, ఆ రంగునుండి విడివడిన పదార్థములును, ఏండ్ల తరబడి వెనుకపొరలో పేరుకొన్న మడ్డియు కాంతిని గ్రహించి, ప్రాణవాయువును ఉగ్రరూపమునకు మార్చును. కంటిపొరలో క్రొవ్వు మెండు. ప్రాణవాయువు ఖర్చును మెండే. నిలువయున్న నూనె గాలికి కంపు గొట్టునట్లే ఆ క్రొవ్వు చెడును. నీలికాంతి యిందు మిక్కిలి చెరుపు. దానిని కొంత యడ్డగించు పసుపువన్నె చుక్క కంటి నడుమ గలదు. ఆ వన్నెను శరీరము చేసికొనలేదు, తోటకూర, మునగాకు వంటి యాహారపదార్థములనుండియే తెచ్చుకొనవలెను. అయినను సూర్యుని సూటిగా జూచువారిని కాపాడుటకది చాలదు.

1980 ఫిబ్రవరి 16వ తేదీని సూర్యగ్రహణము పట్టెను. మా పెదనాన్నగారు పళ్ళెములో పసుపునీళ్ళు పోయించిరి గాని (ఆ ప్రతిబింబమును తదేకముగా జూచుటయు క్షేమము గాదు), ఓపిక చాలక తలయెత్తి చూచిరి. వలదని మేమనగా, "మంట యేమియు లేదురా" అనిరి. కంటి లోపొరకు నొప్పి తెలియదని మా కప్పుడు తెలియదు. మరునాడు భాగవతము తెరచునప్పటికి, చూచిన యక్షరమే మాయమై, ఇరుప్రక్కల యక్షరములు మాత్రము కనబడెను. కొన్ని మాసములకు కొంత తేరుకొనెను గాని నడిమి మచ్చ పూర్తిగా పోలేదు. నాటినుండి వారు చూపును పంక్తికి కొంచెము పైగా నిలిపి, ఓరగా చదువుకొనుచుండిరి.