గురి కుదరడానికి పట్టిన కాలం

టి-కణాలకు కొత్త జన్యువు ఎక్కించి క్యాన్సర్ మీదికి పంపే వైద్యం గురించి మాట్లాడితే, మెప్పంతా జన్యు ఇంజనీరింగ్‌కే పోతుంది. చరిత్ర చూస్తే ఆయుధం ముందే చేతికొచ్చింది, గురి కుదరడమే ఆలస్యమైంది. అమెరికాలోని బెథెస్డాలో, జాతీయ క్యాన్సర్ సంస్థలో సర్జన్ స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం 1988 నాటికే మెలనోమా గడ్డల్లోకి చొరబడిన టి-కణాలను వెలికితీసి, ఇంటర్‌ల్యూకిన్-2తో పెంచి, తిరిగి ఆ రోగులకే ఎక్కించింది. కొందరిలో గడ్డలు తగ్గాయి. ఆ కణాలు దేన్ని గుర్తుపట్టాయో మాత్రం అప్పటికి తేలలేదు. 2006లో ప్రచురించిన ప్రయోగంలో అదే బృందం రక్తంలోని టి-కణాలకు మార్ట్-1 అనే ప్రొటీన్‌ను పట్టే గ్రాహకాన్ని అమర్చింది. 17 మందిలో ఇద్దరికే మేలు నిలిచింది. పైగా మార్ట్-1 చర్మానికి రంగునిచ్చే మామూలు కణాల్లోనూ ఉంటుంది. గురి తప్పితే ఏమవుతుందో 2013లో బయటపడింది. మేజ్-ఎ3 అనే క్యాన్సర్ ప్రొటీన్ కోసం పదును పెంచిన గ్రాహకం గుండె కండరంలోని టైటిన్ అనే ప్రొటీన్‌ను కూడా శత్రువనుకుంది. ఇద్దరు రోగులు చనిపోయారు.

ఆరోగ్యకరమైన కణాల్లో లేనిది క్యాన్సర్‌ను పుట్టించిన మ్యుటేషనే. ఉదాహరణకు కెరాస్ జి12డి: కెరాస్ అనే ప్రొటీన్‌లో పన్నెండో స్థానంలో గ్లైసిన్ పోయి ఆస్పార్టేట్ వస్తుంది, అంతే తేడా. ఈ ప్రొటీన్ కణం లోపల ఉంటుంది కాబట్టి, పైపొరను తడిమే కార్-టి కణాలకు అందదు. హెచ్ఎల్ఏ అణువు దాని ముక్కను బయట చూపిస్తేనే టి-కణం పసిగడుతుంది. 2016లో ప్రచురించిన నివేదిక ప్రకారం, ఊపిరితిత్తులకు పాకిన పెద్దపేగు క్యాన్సర్ ఉన్న ఒక రోగికి, ఎక్కువభాగం ఈ మ్యుటేషన్‌ను పట్టే సుమారు 14,800 కోట్ల టి-కణాలు ఎక్కిస్తే ఏడు గడ్డలూ తగ్గాయి. తొమ్మిది నెలలకు ఒకటి మళ్లీ పెరిగింది. ఇదే ఈ వైద్యం ఓటమి అని కొందరు అనవచ్చు. నాకు అలా అనిపించదు. ఆ గడ్డ కెరాస్‌ను వదులుకోలేదు, దాని ముక్కను చూపించే హెచ్ఎల్ఏ జన్యువును పోగొట్టుకుంది. దొంగ మొహం మార్చుకోలేక వీధి దీపం పగలగొట్టాడన్నమాట. తప్పించుకున్న తీరే గురి సరైనదనడానికి సాక్ష్యం.

ఒక్కొక్కరికి విడిగా వండే మందు ఎందరికి చేరుతుందన్న ఆక్షేపణ ఇంకా బరువైనది. 2022లో ప్రచురించిన, అమెరికాలోని ఒరెగాన్‌లో జరిగిన ప్రయోగం దానికి సగం జవాబు: ఆ పెద్దపేగు రోగి గ్రాహకాలనే క్లోమ క్యాన్సర్ ఉన్న మరొకరి కణాల్లో అమర్చారు, ఆరు నెలలకు గడ్డలు 72 శాతం తగ్గాయి. అయితే ఇద్దరి హెచ్ఎల్ఏ రకం కలవబట్టే అది కుదిరింది. అవే గ్రాహకాలు అందుకున్న ఇంకో క్లోమ క్యాన్సర్ రోగికి మాత్రం గుణం కనిపించలేదు.