సోయా జున్ను: దాని పుట్టుక, పాకములు



నేడు మీకు ఒక ఆహారపదార్థముయొక్క చరిత్రను మనవి చేయదలచితిని. దాని పేరు టోఫు. సోయా చిక్కుడుగింజలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను కాచి విరిచి, గుడ్డలో మూటగట్టి బరువుంచినచో ఏర్పడు తెల్లని గడ్డయే టోఫు. మన అంగళ్లలో దీనినే సోయా పనీరని అమ్ముచున్నారు.

నేను దీని చరిత్ర వెదకుటకు కారణము మా అక్కగారు. ఆమె అత్తవారిది ఆదిలాబాదు ప్రాంతము. అచ్చటి నల్లరేగడిలో పత్తితోపాటు సోయాయు పండును. మా బావగారు ఏటేట ఆ పంట వేయుచుండిరి. కాని గింజ కల్లమునుండి బజారునకు పోవుటయే గాని వంటింటి గడప దాటి యెరుగదు. మిల్లులలో నూనె తీయగా మిగిలిన పిండి కోళ్ల మేతకు పోవుచుండును. పండ్లూడిన మా అక్కగారికి బలమైన మెత్తని ఆహారము పెట్టుడని వైద్యుడు చెప్పగా, నేను పట్నమునుండి టోఫు కొనిపోయి, ముక్కలు కోసి, ఉత్త నీళ్లలో ఉడికించి, ఉప్పు చల్లి పెట్టితిని. ఆమె ఒక ముక్క నోట బెట్టుకొని, “ఇదేందిరా తమ్మీ, సున్నం ముద్ద పెట్టినవ్?” అని పళ్లెమును తోసివైచెను. అది తన చేనిలో పండు గింజతో చేసినదేయని చెప్పినను ఆమె నమ్మలేదు.

ఆమె మాటలో అన్యాయము లేదు. టోఫునకు తనదైన రుచి మిక్కిలి స్వల్పము. అట్టి చప్పని వస్తువును ఇతర దేశములవారు వేయి సంవత్సరములకు పైగా ఇంత ప్రీతితో ఎట్లు తినుచున్నారో తెలిసికొనవలెనని నాకు కుతూహలము కలిగెను.

టోఫు జన్మస్థానము చైనా దేశము. క్రీస్తునకు పూర్వము 2వ శతాబ్దమున హ్వైనాన్ ప్రాంతమును ఏలిన లియు ఆన్ అను ప్రభువు దీనిని కనిపెట్టెనని అచ్చటి ఐతిహ్యము. 16వ శతాబ్దమున లీ షిజెన్ అను వైద్యపండితుడు తన ఓషధీగ్రంథమున ఈ మాటనే వ్రాసెను. అయితే అది సుమారు పదునేడు వందల యేండ్ల పిమ్మట వ్రాసిన మాట గనుక దానిని కథగానే గ్రహించుట మేలు. మనకు స్పష్టముగా కనబడు తొలి ప్రస్తావన 10వ శతాబ్దమున తావ్ గూ అనునతని రచనలో నున్నది. ఒక ఊరి అధికారి మితవ్యయము పాటించి, మాంసము మాని, దినదినము టోఫునే కొనుచుండెనట. అది చూచి ఆ యూరి జనులు టోఫునకు చిన్న గొఱ్ఱెమాంసమని పేరు పెట్టిరట. పేదవాని మాంసమను కీర్తి దీనికి నాటినుండియే కలదు.

మాంసము ముట్టని బౌద్ధ భిక్షువుల మఠములలో దీనికి ఆదరము హెచ్చెను. జపాను దేశమున దీని పేరు 1183వ సంవత్సరమున నారా నగరమందలి కసుగా దేవాలయపు లెక్కలలో కానవచ్చుచున్నది. ఆరువందల యేండ్లు గడచునప్పటికి ఆ దేశీయులు దీనియందెంత నేర్పు గడించిరనగా, 1782లో ఒసాకా నగరమున నూరు విధములైన టోఫు వంటకములను వివరించు పుస్తకము అచ్చయ్యెను. అందు వంటకములను సామాన్యము మొదలుకొని అత్యుత్తమము వరకు ఆరు తరగతులుగా విభజించిరి. మరుసటి యేడే దానికి రెండవ భాగమును వెలువరింపవలసివచ్చెను.

ఈ వంటకములను పరిశీలింపగా నాకు తెలిసినదేమనగా, టోఫునకు రుచి లేకుండుటయే దాని గుణము. అది దేనితో కలిసిన దాని రుచిని తాల్చును. కాని లోపల నీరు నిండియున్నంత కాలము వేరొక రసము అందు చొరజాలదు. కనుక మొదట నీటిని వెడలింపవలెను. ఈ పనిని ఒక్కొక్క చోటివారు ఒక్కొక్క రీతిని సాధించిరి.

జపానులో కోయా పర్వతముపై మఠములు కలవు. అచ్చటి భిక్షువులు చలికాలపు రాత్రులలో టోఫును ఆరుబయట నుంచి గడ్డకట్టించెడివారు. గడ్డకట్టిన నీరు కరగిపోగా టోఫులో సన్నని రంధ్రములేర్పడును. దానిని పిండి పులుసులో వేసినచో రసమంతయు పీల్చుకొనును. రెండవ రీతి నిప్పుసెగ. ముక్కలను వెదురుపుల్లలకు గ్రుచ్చి, పులియబెట్టిన సోయాముద్దను పూసి కాల్చుదురు. మూడవది కారము. చైనాలో చెంగ్డు నగరమున 1862 ప్రాంతమున, స్ఫోటకపు మచ్చలు గల చెన్ వారి ఇల్లాలొకతె ఒక వంతెనచెంత పూటకూటియిల్లు నడిపెననియు, నూనె మోయు కూలీలకు ఎండుమిరపకారముతో, నూనె తేలునట్లు టోఫు వండిపెట్టెననియు చెప్పుదురు. ఆ కూర నేటికిని మచ్చల ముఖపు అవ్వ టోఫు అను పేరనే ప్రసిద్ధము.

నూనె, కారము, పులుసు, సెగ: వీనిలో మన వంటింట లేనిదేది? ఇట్లు తలచి నేను మరల ప్రయత్నించితిని. ఈమారు గింజలు మా బావగారి కల్లమునుండియే తెచ్చితిమి.

పావు కిలో గింజలను రాత్రి నానబెట్టి, ఉదయమున పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, రెండు లీటర్ల నీరు కలిపి గుడ్డలో వడగట్టితిమి. పాలను అడుగంటకుండ కలుపుచు, పొంగు వచ్చిన పిదప పది నిమిషములకు తక్కువగాక మరగనిచ్చితిమి. పచ్చి సోయా జీర్ణమునకు అడ్డు తగులును గనుక ఈ మరగించుట తప్పదు. చైనావారు జిప్సముతోను, జపానువారు ఉప్పుమళ్లలో మిగులు చేదునీటితోను పాలను విరుతురు. మేము రెండు మూడు నిమ్మకాయల రసమును నీటిలో కలిపి కొద్దికొద్దిగా పోసితిమి. విరిగిన ముద్దను గుడ్డలో కట్టి, పైన రోకటిబండ నుంచితిమి. మిగిలిన పిప్పిని పారవేయక వడలపిండిలో కలిపి బాగుగా వేయించితిమి.

పిమ్మట నా భార్య ఆ గడ్డను ముక్కలు కోసి, ఉప్పు, పసుపు, కారము పట్టించి, వేరుసెనగనూనెలో అంచులెఱ్ఱబారునట్లు వేయించి, కంద వేసినట్లే ఉల్లిపాయ చింతపండు పులుసులో వేసెను. ఏమి వండినదో చెప్పక మా అక్కగారికి వడ్డించితిమి. ఆమె రెండవమారు వేయించుకొని, “ఇదేం గడ్డరా?” అని యడిగెను. చెప్పితిమి. కొంతసేపు ఊరకుండి, “ఇన్నేండ్లు అమ్ముకుంటిమి గద!” అనెను.

ఆ మాట నన్ను విడువకున్నది. సోయాగింజ నూటికి సుమారు 40 పాళ్లు మాంసకృత్తులు గలది. కందిపప్పులో అందు సగము కంటె కొంచె మెక్కువ మాత్రమే యుండును. మహాత్మాగాంధీగారు 1935లోనే హరిజన పత్రికలో సోయాను గురించి వ్రాసి, వార్ధాలోని మగన్‌వాడిలో దానిని తినిపించి చూచిరి. మన చేలలో పంట వచ్చినది గాని, మన పళ్లెములలోనికి ఆ గింజ రాలేదు. రాకపోవుటకు గింజ కారణము కాదు, వండు తెలివి దానివెంట రాకపోవుటయే కారణము.

పెద్దలారా, క్రొత్త వస్తువును ఇంటనుంచుటకైనను త్రోయుటకైనను మీ మాటయే ప్రమాణము. ఒకమారు వత్తి, వేయించి, పులుసు పోసి చూచిన తరువాతనే తీర్పు చెప్పుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.